ముద్ర ఇచ్చువాడు, ముద్ర చూచువాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగపాఠము)



కౌటిల్యుని అర్థశాస్త్రమున 2వ అధికరణములో ముద్రాధ్యక్షుడను ఉద్యోగి యొకడు కలడు. జనపదములోనికి వచ్చువారికిని, జనపదము విడిచి పోవువారికిని అతడు ముద్ర ఇచ్చును. ముద్ర ఒక్కింటికి ఒక మాషకము పుచ్చుకొనును. ముద్ర లేక తిరుగు జానపదునికి 12 పణముల దండన. దొంగముద్రతో పట్టుబడినవానికి పూర్వసాహస దండము. వాడు పరదేశియైనచో ఉత్తమసాహస దండము. ఇంతవరకు చదివి పుట త్రిప్పువారు చాలమంది. కాని ఆ వెంటనే గమనింపదగిన చిన్నమాట యొకటి కలదు. ఆ ముద్రను తనిఖీ చేయువాడు ముద్రాధ్యక్షుడు కాడు. వివీతాధ్యక్షుడు, అనగా పచ్చికబయళ్లపై అధికారి. ఇచ్చువాడు ఒకడు, చూచువాడు మరియొకడు.

ఈ ఏర్పాటులోని తెలివిని కొంచెము నిదానముగా ఆలోచింపుడు. ఇచ్చువాడు మనిషిని ఎరుగవలెను. పేరు, ఊరు, పని విచారింపవలెను. చూచువాడు మనిషిని ఎరుగనక్కరలేదు. ముద్రను ఎరిగిన చాలును. బయళ్లలో నిలుచున్న కావలివానికి దేశములోని జనులందరి పేర్ల పట్టిక ఇచ్చి పంపనక్కరలేకుండ పోయినది.

నేటి కంప్యూటర్ల లోకములో సింగిల్ సైన్ ఆన్ అని పిలువబడు ఏర్పాటు సరిగా ఇదియే. మనిషిని విచారించి టోకెను ఇచ్చు సర్వరు ఒకటి. ఆ టోకెనును చూచి లోపలికి పోనిచ్చు సర్వర్లు వేరు. ఇచ్చుట పెద్దపని యనియు, చూచుట చిన్నపని యనియు లోకులు తలచుచుందురు. ప్రసిద్ధికెక్కిన ప్రమాదములను పరిశీలించినవారికి మాత్రము చూచువాని అజాగ్రత్త మాటిమాటికి ఎదురగుచున్నది. ఈ ప్రసంగము ముఖ్యముగా ఆ చూచువానిని గురించినదే.

ముందుగా, ఈ ఏర్పాటు లేనప్పటి బాధ ఎట్టిదో చెప్పవలెను. ఒక కళాశాలను తలచుకొనుడు. పుస్తకముల పట్టికకు ఒక కంప్యూటరు, ఫీజుల లెక్కకు ఒకటి, పరీక్షాఫలితములకు ఒకటి, హాజరునకు ఒకటి. ప్రతిదానికి వేరు వేరు పేర్ల చిట్టా, వేరు వేరు పాస్‌వర్డు. విద్యార్థి ఏమి చేయును? నాలుగింటికి ఒకే పాస్‌వర్డు పెట్టును. నాలుగింటిలో బలహీనమైనదానిని దొంగ పగులగొట్టి, అక్కడ దొరికిన పాస్‌వర్డుతో తక్కిన మూడు తలుపులు తీయును. ఇది యొక జబ్బు. రెండవది ఇంకను లోతైనది. పని మాని వెళ్లిన గుమాస్తా పేరు నాలుగు చిట్టాలలోను కొట్టివేయవలెను. మూడింటిలో కొట్టివేయుదురు, నాలుగవది మరతురు. చనిపోయినవాని పేర ఏండ్ల తరబడి పట్టా నడచిన ఊళ్లను ఎరిగినవారికి ఈ సంగతి వివరింపనక్కరలేదు.

ఈ జబ్బునకు పేరుపొందిన తొలి చికిత్సలలో ఒకటి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున, అనగా ఎమ్.ఐ.టి.లో జరిగినది. అక్కడ 1983లో డిజిటల్, ఐ.బి.ఎమ్. అను కంపెనీల సహాయముతో అథీనా అను పథకము ప్రారంభమైనది. విద్యార్థి ఆవరణలోని ఏ కంప్యూటరు ముందు కూర్చున్నను తన కాగితములు, తన ఉత్తరములు అక్కడికే రావలెనని వారి సంకల్పము. అట్లయినచో ఎవడు ఎవడో తేల్చుట ఎట్లు? అందుకై వారు కట్టిన కావలివానికి కెర్బరోస్ అని పేరు పెట్టిరి. గ్రీకుల కథలలో మృత్యులోకపు వాకిట నిలుచు మూడుతలల కుక్క పేరది. వేదములో యముని దారిని కాచు కుక్కలు రెండు, ఒక్కొక్కదానికి నాలుగేసి కన్నులు. కావలికి తలలు ముఖ్యమా, కన్నులు ముఖ్యమా అన్నచో, ఈ విషయములో వేదకవివైపే మొగ్గవలసి వచ్చును.

కెర్బరోసు పద్ధతికి మూలము 1978లో నీడ్‌హామ్, ష్రోడర్ అను ఇద్దరు పండితులు ప్రకటించిన వ్యాసము. దానిలోని చమత్కారము చూడుడు. విద్యార్థి పాస్‌వర్డు తీగవెంట ప్రయాణము చేయనే చేయదు. అతడు తన పేరు మాత్రమే పంపును. గుర్తింపు సర్వరు ఒక లకోటాను ఆ విద్యార్థి పాస్‌వర్డునుండి పుట్టిన తాళముతో బిగించి తిరిగి పంపును. పాస్‌వర్డు ఎరిగినవాడు దానిని తీయగలడు. ఎరుగనివానికి అది పనికిరాని కాగితము. లోపల ఒక టిక్కెట్టుతోపాటు, దానిని వాడుటకు కావలసిన తాత్కాలిక తాళపుచెవి యుండును. ఆ రెండింటితో ఉత్తరముల సర్వరునకు వేరొక టిక్కెట్టు, అచ్చుయంత్రమునకు వేరొక టిక్కెట్టు తెచ్చుకొనును. పాస్‌వర్డు కొట్టుట ఉదయము ఒక్కసారి. టిక్కెట్టునకు ఆయువు గంటలలో లెక్క. పాత టిక్కెట్టును ఎత్తుకొనిపోయి వాడువారిని అరికట్టుటకు దానిపై కాలము వ్రాయుదురు. అందుచేత యంత్రముల గడియారములన్నియు ఏకముగా నడువవలెను. సామాన్యముగా 5 నిమిషములకు మించి తేడా యున్నచో కెర్బరోసు తలుపు తీయదు. ఎంత మంచి పాస్‌వర్డున్నను గడియారము తప్పినవాడు వాకిటనే నిలుచును.

కెర్బరోసు ఒక ఆవరణకు, ఒక కచేరీకి చక్కగా సరిపోయినది. ఇంటర్నెట్టు ప్రబలిన తరువాత ఒక యజమానికి చెందని సర్వర్లు ఒకదానినొకటి నమ్మవలసి వచ్చెను. దానికై 2005లో సామ్ల్ 2.0, 2012లో ఓఆథ్ 2.0, 2014లో ఓపెన్ ఐ.డి. కనెక్ట్ అను నిబంధనలు వెలువడినవి. టోకెను రూపమును నిర్ణయించిన జె.డబ్ల్యు.టి. అను నిబంధన 2015 నాటిది. వీనిలో ఓఆథ్‌ను గురించి ఒక హెచ్చరిక చాలును. అది అధికారమును అప్పగించు పద్ధతి. మనిషిని పరిచయము చేయు పద్ధతి కాదు. పొరుగువానికి ధాన్యపుకొట్టు తాళము ఇచ్చుట వేరు, అతడెవరో పదిమందికి చెప్పుట వేరు. ఆ చెప్పుపనిని ఓపెన్ ఐ.డి. కనెక్ట్ తరువాత చేర్చినది.

ఇక టోకెను స్వరూపము. దానిలో మూడు భాగములు, వాని నడుమ చుక్కలు. మొదటి భాగములో సంతకము ఏ పద్ధతిని చేయబడినదో యుండును. రెండవదానిలో సంగతులు: ఎవరు జారీ చేసిరి, ఎవరిని గురించి, ఏ సర్వరు చూచుటకు, ఎప్పటివరకు చెల్లును. మూడవది సంతకము. ఇచ్చట చాలమంది పొరబడుచున్నారు. రెండవ భాగము చూపునకు గజిబిజిగా నున్నంతమాత్రమున అది రహస్యము కాదు. అక్షరములు మార్చి వ్రాసినదే కాని దాచినది కాదు. ఎవరైనను విప్పి చదువవచ్చును. అది పోస్టుకార్డు వంటిది. పోస్టుకార్డుపై వ్రాయరానిది టోకెనులోను వ్రాయరాదు.

సంతకము మాట మరియొకటి. ఖజానాలో అధికారుల నమూనా సంతకములు ఉంచుకొని, వచ్చిన బిల్లుమీది సంతకమును దానితో పోల్చిచూచు ఆచారము పెద్దలెరుగుదురు. టోకెను విషయమున నమూనా వంటిది బహిరంగపు కీ. సంతకము చేయునది రహస్యపు కీ. అది జారీచేయు సర్వరును దాటి బయటికి రారాదు. తేడా ఏమనగా, నమూనా సంతకము చేతికి చిక్కిన నేర్పరి దానిని చూచి అనుకరింపవచ్చును. బహిరంగపు కీని లోకమంతయు చూచినను దానినుండి సంతకము చేయుట నేటి గణితమునకు సాధ్యపడని పని. సంస్కృతములో ముద్ర యను నొక్కపదమే వ్రేలి ఉంగరమునకును, ఆ ఉంగరము వేసిన గుర్తునకును చెల్లును. ఇచ్చట రెండింటిని విడదీయనిదే పని జరుగదు. ఉంగరము వంటిది రహస్యపు కీ. అది వేసిన గుర్తుతో బయలుదేరినది టోకెను.

ఇప్పుడు ఆ కళాశాలలో ఏర్పాటు ఎట్లు చేయుదురో చూతురుగాక. ఎవరైనను ఉచితముగా తెచ్చి నిలుపుకొనదగిన గుర్తింపు సర్వర్లు కలవు. 2014 మొదలు వ్యాప్తిలోనున్న కీక్లోక్ అట్టిది. దానిలో మొదట ఒక రెల్ము సృజింపవలెను. కౌటిల్యుని భాషలో అది జనపదము. అందులో విద్యార్థుల, ఉపాధ్యాయుల పేర్లు ఒక్కచోటనే చేర్తురు. తరువాత పుస్తకపట్టిక, ఫీజులు, ఫలితములు, హాజరు అను నాలుగింటిని నాలుగు క్లయింట్లుగా నమోదు చేయుదురు. ప్రతి క్లయింటునకును తిరిగివచ్చు చిరునామా యొకటి వ్రాయవలెను. విద్యార్థి గుర్తింపు ముగిసిన పిమ్మట అతనిని ఎచటికి పంపవలెనో చెప్పునది అదియే. దానిని పూర్తిగా వ్రాయుటకు బద్ధకించి చివర నక్షత్రపు గుర్తు పెట్టువారు కలరు. రిజిస్టరు ఉత్తరముపై ఇంటిపేరు, వీధి వ్రాయక, ఆ ఊరిలో ఎవరికైనను ఇమ్మని వ్రాసినట్లే యగును.

విద్యార్థి పుస్తకపట్టికను తెరచెననుకొనుడు. అతనియొద్ద టోకెను లేదు. పట్టిక అతని బ్రౌజరును గుర్తింపు సర్వరునకు పంపును. పాస్‌వర్డు అక్కడ కొట్టును, ఇంకెక్కడను కాదు. గుర్తింపు సర్వరు అతనిచేత ఒక చిన్న చీటీ పంపును. అది ఒక్కసారికే చెల్లును. పుస్తకపట్టిక సర్వరు ఆ చీటీని, తన సొంత రహస్యమును జతచేసి, నేరుగా గుర్తింపు సర్వరునకు చూపి టోకెను పుచ్చుకొనును. విద్యార్థి పాస్‌వర్డు పుస్తకపట్టిక కంట పడనే లేదు. కంట పడనిది దానియొద్దనుండి దొంగిలింపబడదు. ఫీజుల సర్వరునకు పోయినప్పుడు మరల పాస్‌వర్డు అక్కరలేదు. గుర్తింపు సర్వరు అతనిని ఇదివరకే ఎరిగియుండుటచే వేరొక చీటీ వ్రాసి పంపును.

చూచువాని పని ఇచట మొదలగును. ప్రతి సర్వరునకును జారీచేయువాని చిరునామా చెప్పియుంచవలెను. ఆ చిరునామా వెంట అందరెరిగిన ఒక దారిలో ప్రకటనపత్రము ఉండును. దానిని చదివి సర్వరు బహిరంగపు కీలను తెచ్చుకొని దగ్గర నుంచుకొనును. టోకెను రాగానే ఆ కీతో సంతకము సరిచూడవలెను. అంతటితో సరిపోయినదనుకొనువారే ఎక్కువ. సంతకము సరియైనదైనను, జారీచేసిన పేరు తాను నమ్మిన పేరేనా? ఈ టోకెను తనకొరకు వ్రాసినదేనా, లేక హాజరు సర్వరునకు వ్రాసినదానిని ఎవరో ఫీజుల సర్వరునకు తెచ్చిరా? గడువు మిగిలియున్నదా? ఇవన్నియు అడుగవలెను.

జారీచేసిన పేరు దగ్గర ఒక చిక్కు తరచుగా వచ్చును. గుర్తింపు సర్వరునకు లోపలి యంత్రముల నడుమ ఒక చిరునామా, బయటి లోకమునకు వేరొక చిరునామా యుండును. టోకెనులో బయటి పేరు వ్రాయబడును. చూచు సర్వరునకు లోపలి పేరు చెప్పియుందురు. రెండును ఒక్కరివే యని మనుష్యుడు ఎరుగును, యంత్రము ఎరుగదు. అది అక్షరమునకు అక్షరము పోల్చును. చివరి ఏటవాలు గీత యొకటి హెచ్చినను ఒప్పుకొనదు. వేంకటేశ్వర్లు పేర శిస్తు, వెంకటేశ్వరరావు పేర దస్తావేజు ఉన్నప్పుడు పడిన తిప్పలే ఇవియు. మందు సులభము: ఎల్లయెడల ఒక్కపేరే వ్రాయవలెను.

ఇంతకంటె ప్రమాదకరమైనది, టోకెను ఎవరికొరకు వ్రాయబడినదను తనిఖీ. దానిని ఆడియెన్సు అందురు. కీక్లోకులో ఆ సర్వరు పేరును టోకెనులో చేర్చుమని ప్రత్యేకముగా చెప్పవలసి వచ్చుచుండును. చెప్పనియెడల చూచు సర్వరు మొరాయించును. అప్పుడు జారీచేయుచోట పేరు చేర్పించుట ధర్మము. కాని తొందరలోనున్న పనివాడు చూచుచోట ఆ తనిఖీనే తీసివేయును. వెంటనే అంతయు నడచును, అందరును మెచ్చుకొందురు. ఆ క్షణమునుండి ఆ జనపదములో ఏ పనికై వ్రాసిన టోకెనైనను ఆ వాకిట చెల్లును. మొరాయించు కావలివాడు చెడ్డవాడు కాడని నమ్ముట ఈ పనిలో మొదటి పాఠము.

చూచువాని అజాగ్రత్త ఎంతవరకు పోవునో 2015లో బయటపడినది. టోకెను మొదటి భాగములో సంతకపు పద్ధతి యుండునని పైన చెప్పబడినది గదా. సంతకము లేదు అని వ్రాయుటకును నిబంధనలో చోటు కలదు. టోకెనులను సరిచూచుటకై పలువురు వాడుకొను కొన్ని సిద్ధప్రోగ్రాములు, టోకెను తననుగురించి తాను చెప్పుకొన్న ఆ మాటను నమ్మి, సంతకము లేని టోకెనును సక్రమమని ఒప్పుకొనుచుండెను. ఎవడైనను తానే అధికారినని కాగితముపై వ్రాసి, క్రింద సంతకము అక్కరలేదని కూడ తానే వ్రాసికొని వచ్చినట్లు! ఏ పద్ధతి సంతకము ఒప్పుకొనవలెనో చూచువాడు ముందే తన పుస్తకములో వ్రాసియుంచుకొనవలెను; వచ్చినవానిని అడుగరాదు.

ఉంగరమే పరుల చేతబడినచో ఏమగును? విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము ఆ ప్రశ్నపైననే నడచును. అమాత్య రాక్షసుని పేరుగల ఉంగరము చందనదాసుని ఇంటివాకిట చాణక్యుని చారునికి దొరకును. చాణక్యుడు కపటలేఖ వ్రాయించి, దానిపై ఆ ముద్ర వేయించును. లేఖ అబద్ధము, ముద్ర నిజము. మలయకేతువు ముద్రను చూచెను, నమ్మెను, తనకు అండయైన మంత్రిని పోగొట్టుకొనెను.

2023లో జరిగినది అట్టిదే. చైనాకు చెందినవారుగా చెప్పబడిన చొరబాటుదారులకు మైక్రోసాఫ్టు కంపెనీ రహస్యపు కీ యొకటి చిక్కినది. అది 2016లో చేయబడినది. ఎప్పుడో విరమింపవలసియుండి, 2023లో కూడ చెల్లుచుండెను. ఆ కీతో వారు తమకు తామే టోకెనులు వ్రాసికొని, అమెరికా విదేశాంగశాఖతో సహా 22 సంస్థలలో, 500 మందికి పైగా ఉత్తరములను చేరిరి. విదేశాంగశాఖనుండియే సుమారు 60,000 ఉత్తరములు పోయినవి. కీ ఎట్లు పోయినదో 2024లో నివేదిక ప్రకటించిన ప్రభుత్వ సమీక్షామండలికిని తేలలేదు. కాని ఈ కథలో చూచువాని వంతును మరువరాదు. ఆ కీ సామాన్య ప్రజల ఖాతాలకై చేయబడినది. సంస్థల ఉత్తరముల వాకిట అది చెల్లనే చెల్లరాదు. సంతకము సరిచూచిరే కాని, ఈ ముద్రిక ఈ వాకిటికి తగినదేనా యని అక్కడి ప్రోగ్రాము అడుగలేదు. ఆ ప్రశ్న అడిగియున్నచో, కీ పోయినను ఈ ఉత్తరములు దక్కియుండెడివి. దొంగతనమును పట్టినవారు విదేశాంగశాఖ ఉద్యోగులు. ఉత్తరములను ఎవరు ఎప్పుడు తెరచిరో వ్రాయు దినచర్య పుస్తకమును అదనపు సొమ్ము చెల్లించి తెప్పించుకొని, శ్రద్ధగా చదువుచుండుటచే వారికి తెలిసినది. లెక్కలు వ్రాయుటయే గాక వ్రాసినదానిని చదువువారును ఉండవలెనని లెక్కలవారు కోరుటలో అన్యాయము లేదు.

ఈ ఏర్పాటునకు సహజమైన లోపములు లేకపోలేదు. ఇచ్చిన టోకెనును వెనుకకు పిలుచుట కష్టము. చూచువాడు ప్రతిసారి ఇచ్చువానిని అడుగడు గనుక. అందుచేత ఆయువు తక్కువ పెట్టుదురు. కీక్లోకులో ఎవరును మార్చనియెడల అది 5 నిమిషములు. ఆ గడువు తీరగానే బ్రౌజరుగాని, క్లయింటుగాని గుర్తింపు సర్వరునొద్ద క్రొత్తది తెచ్చుకొనును. పని మానిన గుమాస్తా పేరు అక్కడ కొట్టివేసిన, ఎక్కువలో ఎక్కువ ఆ 5 నిమిషములలో నాలుగు వాకిళ్లును మూతపడును. మునుపటి నాలుగు చిట్టాల కథతో పోల్చుకొనుడు. గుర్తింపు సర్వరు పడిపోయినచో క్రొత్తవారికి ఎక్కడను ప్రవేశముండదు. కనుక దానికి జంటగా మరియొక యంత్రము నిలుపుదురు. వాకిలి ఒక్కటే యగుటచే దానిపై గట్టి కాపలా పెట్టుటయు తేలిక. ఫోనుకు వచ్చు ఓటీపీని నాలుగుచోట్ల గాక ఒక్కచోటనే అడిగిన చాలును.

భారత ప్రభుత్వమును 2022 జూలైలో మేరీ పెహచాన్ అను పేర దేశమంతటికి ఇట్టి ఏర్పాటును ప్రారంభించినది. డిజిలాకరు ఖాతా కలవారు దానితోనే ఇతర ప్రభుత్వసేవలలో ప్రవేశింపవచ్చును. కనుక ఈ సంగతి పట్టణపు కచేరీలవారిది మాత్రమే కాదు. గ్రామములోనివారు గమనింపవలసినది ఒకటి కలదు. పాస్‌వర్డుగాని ఓటీపీగాని కొట్టుటకు ముందు బ్రౌజరు పైభాగముననున్న చిరునామా గుర్తింపు సర్వరుదేనా యని చదువవలెను. అచ్చముగా అట్లే కనబడు పుటను ఎవరైనను కట్టగలరు. ఆ చిరునామాను మాత్రము వారు కట్టలేరు.

గ్రంథాలయములలోను, సేవాకేంద్రములలోను పదిమంది వాడు కంప్యూటరు దగ్గర ఇంకొక జాగ్రత్త కావలెను. పుస్తకపట్టికలో సైన్ అవుట్ అని నొక్కి లేచిపోవుదురు. పట్టిక వారిని మరచును. కాని చాలచోట్ల గుర్తింపు సర్వరు ఇంకను మరువదు. తరువాత కూర్చున్నవాడు పట్టికను తెరవగానే పాస్‌వర్డు అడుగకయే వెనుకటివాని పేర లోపలికి పోవును. కనుక కుర్చీ విడుచుటకు ముందు గుర్తింపు సర్వరు పుటలో కూడ సైన్ అవుట్ చేసి, బ్రౌజరును పూర్తిగా మూసి, మరల తెరచి, ఆ సేవను ఒకసారి పిలిచి చూడవలెను. పాస్‌వర్డు అడిగినచో లేవవచ్చును.